ఆ రెండు తీగల సంగతి వైర్‌మన్‌కు ఎవరు చెప్పాలి?

పెద్ద భవనాల్లో ఏసీ యంత్రాలను, పంపులను, కరెంటు మీటర్లను ఒకే చోట నుంచి చూసుకునేందుకు పెట్టే బీఎంఎస్ పనుల మీద నేను విజయవాడ, గుంటూరుల మధ్య పదిహేనేళ్ళుగా తిరుగుతున్నాను. ఇన్నేళ్ళలో నన్ను వేళ కాని వేళ పిలిపించిన ఫిర్యాదుల్లో సగానికి పైగా ప్రోగ్రాములో తప్పులు కావు, యంత్రాలను నడిపించే కంట్రోలర్లు చెడిపోయినవీ కావు. కంట్రోలరు అడుగున ఒక మూల మూడు స్క్రూలతో ఉండే కమ్యూనికేషన్ పోర్టు, అందులో బిగించిన రెండు సన్నని తీగలు, వాటి మీద కప్పిన షీల్డు అనే లోహపు పొర, ఇవే అసలు కారణాలు. అలాంటి ప్రతి సందర్భంలోనూ అక్కడున్న అందరి వేళ్ళూ వైర్‌మన్ వైపే చూపిస్తాయి. ఆ నింద అన్యాయమని చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను. తీగ లాగిన మనిషికి ఎలా లాగాలో మాత్రమే చెప్పి, ఎందుకు అలాగే లాగాలో చెప్పని ఇంజనీర్లం మనం. ఆ చెప్పకపోవడమే అసలు లోపం.

గుంటూరు శివారులోని ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో జరిగిన సంగతితో మొదలుపెడతాను. ఎనిమిది చాంబర్లు, ఒక్కో చాంబరుకు ఒక ఉష్ణోగ్రత కంట్రోలరు, అవన్నీ ఆఫీసు గదిలోని ప్రధాన ప్యానెల్‌తో మాడ్‌బస్ అనే సమాచార పద్ధతిలో మాట్లాడుకోవాలి. రెండు సీజన్లు ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. మూడో ఏడు ప్రధాన ప్యానెల్ మార్చినవారు, సమాచారం త్వరగా రావాలన్న ఉద్దేశంతో లైను వేగాన్ని సెకనుకు 9600 బిట్ల నుంచి 115200కు పెంచారు. ఆ రాత్రి నుంచి మూడు చాంబర్ల ఉష్ణోగ్రతలు తెర మీద కనిపించడం మానేశాయి. లోపల రైతుల మిర్చి టిక్కీలు వేల సంఖ్యలో ఉన్నాయి. చాంబరు చల్లగానే ఉందో లేదో చూడడానికి గంట గంటకూ ఒక మనిషి తలుపు తీసి లోపలికి వెళ్ళి రావలసి వచ్చింది.

కేబుల్ ఎలా లాగారని అడిగితే అక్కడి వైర్‌మన్ నన్ను ఆఫీసు గదిలోని ప్యానెల్ దగ్గరికి తీసుకువెళ్ళి చూపించారు. ఎనిమిది కేబుళ్ళు ప్యానెల్ దగ్గరే ఒకచోట కలిశాయి, అక్కడ నుంచి ఒక్కోటి ఒక్కో చాంబరుకు విడిగా వెళ్ళింది. జాయింట్లు శుభ్రంగా ఉన్నాయి, ప్రతి తీగకూ నంబరు తొడుగు ఉంది, టై కట్టిన తీరు చూస్తేనే చెయ్యి తిరిగిన మనిషి పని అని తెలుస్తుంది. ఆయనది తెనాలి, వయసు అరవైకి దగ్గర.

“బాబాయ్, ఇది ఒక్కో చాంబరుకు విడిగా కాకుండా ఒకదాని నుంచి ఒకదానికి లూప్ చేసుకుంటూ పోవాల్సింది” అన్నాను.

“లైట్లకి, ఫ్యాన్లకి ముప్పై ఏళ్ళ నుంచి ఇట్టాగే లాగుతున్నాను బాబూ. పెట్టె కాడ నుంచి ఒక్కో గదికి ఒక్కో కేబుల్. ఏదన్నా తెగితే ఆ గది ఒక్కటే పోద్ది, మిగతాయి వెలుగుతాయి. ఇందులో తప్పేంది?” అన్నారు.

ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. ఎందుకంటే అది తెలియనివాడి ప్రశ్న కాదు. కరెంటు లైన్ల విషయంలో ఆయన చెప్పింది అక్షరాలా సరైన మాట. విద్యుత్తును మోసే తీగకు ఏ దారిన వెళ్ళామన్నది పట్టదు, ఎంత మందం, ఎంత దూరం అన్నదే ముఖ్యం. సమాచారాన్ని మోసే తీగకు దారి ఆకారమే ప్రాణం. ఆ తేడా చెప్పాల్సింది మేము. చెప్పకుండా “మాన్యువల్‌లో ఉంది” అన్నాము. ఆ మాన్యువల్ ఇంగ్లీషులో ఉంది, అది ఎప్పుడూ ఆయన చేతికి చేరలేదు.

ఆయనకు నేను కాలువ ఉదాహరణతో చెప్పాను, తెనాలి మనిషికి కాలువలు కొత్త కాదు కనుక. పారుతున్న కాలువకు అడ్డంగా ఒక్కసారి లాకు తలుపు దించితే నీరు తలుపుకు కొట్టుకుని అల వెనక్కి వస్తుంది. అదే అల పల్లంగా ఉన్న ఇసుక ఒడ్డు ఎక్కితే అక్కడే చల్లారిపోతుంది. తీగలో వెళ్ళే సంకేతం కూడా ఒక అలే. మీటరుకు సుమారు 5 నానోసెకన్ల చొప్పున ప్రయాణించి తీగ చివరకు చేరుతుంది. అక్కడ దాన్ని మింగేది ఏమీ లేకపోతే వెనక్కి తిరిగి వచ్చి, వెనకాల వస్తున్న సంకేతంతో కలబడుతుంది. ఎనిమిది కొమ్మలున్న లైనులో ఎనిమిది లాకు తలుపులున్నట్టే. ఒక కొమ్మ నుంచి తిరిగొచ్చిన అల మిగిలిన ఏడు కొమ్మల్లోకీ దూరుతుంది. ఒకే వరుసగా లూప్ చేస్తే చివరలు రెండే ఉంటాయి. ఆ రెండింటి దగ్గరా 120 ఓమ్‌ల రెసిస్టరు పెడితే అల అక్కడే చల్లారుతుంది. 120 అన్న సంఖ్య ఎవరికో తోచి పెట్టింది కాదు. మెలివేసిన జంట తీగల కేబుల్‌కు తనదంటూ ఉండే ఇంపిడెన్సు, అంటే అలకు అది చూపే అడ్డు, సుమారు అంతే ఉంటుంది, దానికి సరిపోలిన రెసిస్టరు ఎదురైతే అలకు తీగ ఇంకా ముందుకు సాగుతున్నట్టే ఉంటుంది, వెనక్కి తిరగదు.

“మరి రెండేళ్ళు ఎట్టా నడిచింది?” అని ఆయన మళ్ళీ అడిగారు. ఈ రెండో ప్రశ్న మొదటిదానికన్నా గొప్పది.

జవాబు లెక్కలో ఉంది. 9600 వేగంలో ఒక్కో బిట్టు, అంటే ఒక ఒకటి లేదా సున్నా, 104 మైక్రోసెకన్లు నిలబడుతుంది. వంద మీటర్ల కొమ్మలోకి పోయి తిరిగి రావడానికి అలకు ఒక మైక్రోసెకను చాలు. అది నాలుగైదు సార్లు అటూ ఇటూ కొట్టుకుని అలసిపోయేసరికి కూడా బిట్టు ఇంకా మధ్యకు చేరదు, అవతలి కంట్రోలరు బిట్టును చదివేది మధ్యలోనే. వేగాన్ని 115200కు పెంచితే బిట్టు 8.7 మైక్రోసెకన్లే ఉంటుంది. అల చల్లారక ముందే చదివే క్షణం వచ్చేస్తుంది. అంటే తప్పు మొదటి రోజు నుంచీ ఉంది, నిదానంగా మాట్లాడుకున్నంత కాలం బయటపడలేదు. మన వృత్తిలో “పనిచేస్తోంది కదా” అన్న మాట అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసింది ఇందుకే. తప్పుగా లాగిన లైను ఏళ్ళ తరబడి పనిచేయగలదు, అందుకని ఆ పద్ధతే సరైనదన్న నమ్మకం ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది.

ఆయన అన్న మొదటి మాటలో ఇంకో న్యాయం కూడా ఉంది, దాన్ని దాటవేయడం నాకు ఇష్టం లేదు. వరుస లూపులో ఒకచోట తీగ తెగితే దాని అవతల ఉన్నవన్నీ పోతాయి. అది నిజమైన నష్టమే. దానికి సగం విరుగుడు బిగింపులో ఉంది. వచ్చే కేబుల్ ప్లస్ తీగను, వెళ్ళే కేబుల్ ప్లస్ తీగను ఒకే ఫెరూల్‌లో (తీగ మొనకు తొడిగే చిన్న లోహపు గొట్టంలో) కలిపి నొక్కి ఒకే స్క్రూ కింద బిగించాలి, మైనస్ తీగలనూ అలాగే. పోర్టుకు ఊడదీసే ప్లగ్గు ఉంటే ఇంకా మంచిది. అప్పుడు కంట్రోలరును తీసి పక్కన పెట్టినా తీగ తెగదు, మిగతావి మాట్లాడుకుంటూనే ఉంటాయి.

ఇక్కడ నేను తోటి ఇంజనీర్లతో గట్టిగా వాదించదలచుకున్న విషయం డ్రాయింగు. ఒక్కసారి మన బీఎంఎస్ డ్రాయింగులు తెరిచి చూడండి. ప్రధాన ప్యానెల్ నుంచి ఒక గీత నిలువుగా పైకి వెళుతుంది. ప్రతి అంతస్తు దగ్గరా ఆ గీత నుంచి అడ్డంగా ఒక కొమ్మ గీస్తాం, కొమ్మ చివర కంట్రోలరు బొమ్మ పెడతాం. చూడడానికి చెట్టులా ఉంటుంది. ఆ బొమ్మ చేతికిచ్చి, కింద చిన్న అక్షరాల్లో లూపుగా లాగాలని రాసి, వైర్‌మన్ చెట్టులా లాగాడని కోప్పడతాం. బొమ్మ చూసి పనిచేసే మనిషి బొమ్మలో ఉన్నట్టే చేస్తాడు. కమ్యూనికేషన్ లైను డ్రాయింగును మనిషి నడిచే దారిలో గీయాలి. ఏ గది నుంచి ఏ గదికి, ఏ ట్రే మీదుగా, ఎన్ని మీటర్లు, మొదటి చివర ఎక్కడ, రెండో చివర ఎక్కడ అన్నవి దాని మీద కనిపించాలి. దీనికి ఒక రోజు అదనంగా పడుతుంది, ఫాల్స్ సీలింగు మూసేశాక తప్పు వెతకడానికి పట్టే వారంతో పోలిస్తే అది ఏమాత్రం.

చివరల విషయంలో తప్పు రెండు వైపుల నుంచీ జరుగుతుంది. రెసిస్టరు పెట్టకపోవడం ఒకటి, ఎక్కువ పెట్టడం రెండోది. విజయవాడలో ఒక ఆసుపత్రి పనిలో నాకు రెండోది ఎదురైంది. ఆపరేషన్ థియేటర్లకు గాలి పంపే యంత్రాల కంట్రోలర్లు అప్పుడప్పుడూ లైను నుంచి మాయమై, మళ్ళీ వాటంతట అవే వచ్చేవి. మూడు రోజులు ప్రోగ్రాము వెతికారు. నేను వెళ్ళి కంట్రోలర్లన్నిటికీ సప్లయి తీయించి, మల్టీమీటరును ప్లస్, మైనస్ తీగల మధ్య పెట్టాను. రెండు చివరలా 120 ఓమ్‌లు సరిగ్గా ఉంటే, అవి సమాంతరంగా కలిసి 60కి కొంచెం అటూ ఇటూ చూపించాలి. నాకు 40 కనిపించింది. అంటే లైనులో మూడో 120 ఎక్కడో ఉంది. నాలుగో అంతస్తులో, లైను మధ్యలో ఉన్న ఒక కంట్రోలరు మూత తీస్తే, వేలి గోరంత ఎర్ర డిప్ స్విచ్చు ఆన్ వైపు ఉంది. అది లోపలి టెర్మినేషన్ రెసిస్టరుకు స్విచ్చు. ఫ్యాక్టరీ నుంచి అలాగే వచ్చిందో, ఎవరి వేలో తగిలిందో తెలియదు. బాల్‌పెన్ మొనతో దాన్ని పక్కకు నెట్టాను.

ఆ ఒక్క స్విచ్చు అంత పని ఎలా చేసిందో చెప్పాలి, ఎందుకంటే ఇది చెప్పినప్పుడే సంఖ్యలు గుర్తుంటాయి. ఈ లైన్లన్నీ వాడే ఆర్‌ఎస్-485 అనే విద్యుత్ పద్ధతిలో సమాచారం ఏ ఒక్క తీగలోనూ ఉండదు, రెండు తీగల మధ్య వోల్టేజీ తేడాలో ఉంటుంది. బయటి నుంచి వచ్చే అలజడి మెలివేసిన రెండు తీగలకూ సమానంగా తగులుతుంది కనుక తేడా మారదు. ఈ పద్ధతి బలమంతా అందులోనే ఉంది. ఆ తేడా 200 మిల్లీవోల్టులకు మించి ఉంటేనే అది ఒకటా సున్నానా అన్నది స్వీకరించే చిప్పు కచ్చితంగా చెప్పగలదు. ఎవరూ మాట్లాడని క్షణాల్లో తీగలను ఒక స్థితిలో నిలబెట్టడానికి ప్రధాన కంట్రోలరులో బయాస్ రెసిస్టర్లు ఉంటాయి. అక్కడ ఉన్నవి 5 వోల్టుల వైపు ఒక 510 ఓమ్‌లు, గ్రౌండు వైపు ఒక 510 ఓమ్‌లు. మధ్యలో 60 ఓమ్‌లు ఉంటే తీగల మధ్య సుమారు 278 మిల్లీవోల్టులు నిలుస్తాయి. 40 ఓమ్‌లైతే 189కి పడిపోతాయి. గీత 200 దగ్గర ఉంది. 189 అంటే ప్రతి నిశ్శబ్దంలోనూ చిప్పుకు సందేహమే, పక్క ట్రేలో వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే పరికరం) మోటారు కేబుల్ కాస్త అలజడి చేస్తే ఆ నిశ్శబ్దమే మాటగా వినిపిస్తుంది. కంట్రోలర్లు మాయమై మళ్ళీ రావడానికి కారణం అంతే.

ఈ లెక్కకు కావలసింది ఓమ్ సూత్రం మాత్రమే. ఐటీఐ చదివిన ఏ కుర్రాడికైనా అది వచ్చు. “ఇది నీకు అర్థం కాదు” అన్న ధోరణిలో మాట్లాడే ఇంజనీర్లను సైట్ల మీద చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. అర్థం కాని విషయం ఇందులో ఒక్కటీ లేదు.

ప్లస్, మైనస్ గుర్తుల దగ్గర మాత్రం వైర్‌మన్‌నీ, ఇంజనీర్‌నీ ఇద్దరినీ మోసగించే చిక్కు ఒకటుంది. 1983లో వచ్చిన ఈ ఆర్‌ఎస్-485 ప్రమాణంలో ఏ, బీ అని రెండు తీగలకు పేర్లు పెట్టారు. దాని ప్రకారం, లైను ఖాళీగా ఉన్నప్పుడు బీ తీగ ఏ కన్నా ఎక్కువ వోల్టేజీలో ఉండాలి. కానీ చిప్పులు తయారుచేసేవారిలో చాలామంది ఏ అన్న పేరును దానికి సరిగ్గా తలకిందులుగా వాడారు, వారి చిప్పులు వాడిన పరికరాల మీదా అదే అచ్చయింది. కాబట్టి ఒక సంస్థ మీటరు మీద ఉన్న ఏ, మరో సంస్థ కంట్రోలరు మీద ఉన్న ఏ ఒకటే అనుకుని కలిపితే తీగలు తారుమారు కావచ్చు. వైర్‌మన్ అక్షరం చూసి అక్షరానికి కలిపాడు, అతని తప్పు ఏముంది? ఇక్కడ నమ్మాల్సింది అక్షరాన్ని కాదు, మీటరును. పరికరాన్ని లైనుకు కలపక ముందు, ఒంటరిగా సప్లయి ఇచ్చి రెండు స్క్రూల మధ్య డీసీ వోల్టేజీ చూస్తే, బయాస్ ఉన్న పరికరాల్లో ఏది పైన ఉందో తెలిసిపోతుంది, దాన్ని ప్లస్ అనుకోవాలి. తారుమారైతే సాధారణంగా ఏదీ కాలదు. కానీ మాడ్‌బస్ లాగే ఈ తీగల మీద నడిచే బ్యాక్‌నెట్ ఎంఎస్‌టీపీ అనే పద్ధతి లైనులో ఒక్క కంట్రోలరు తీగలు తారుమారైనా మొత్తం లైను అస్తవ్యస్తం కావచ్చు. అందులో మాట్లాడే వంతు టోకెన్‌గా ఒకరి నుంచి ఒకరికి అందుతుంది. తలకిందులుగా వింటున్న కంట్రోలరుకు ఆ టోకెన్ వినపడదు, లైను మీద ఎవరూ లేరనుకుని తానే మాట్లాడడం మొదలుపెడుతుంది, మిగతావారి మాటలను చెడగొడుతుంది.

షీల్డు గురించి ఎక్కువ చెప్పను. ప్రతి కంట్రోలరు దగ్గరా వచ్చే షీల్డును వెళ్ళే షీల్డుతో కలిపి, టేపు చుట్టి, మొత్తం లైనుకు ఒక్క చోట మాత్రమే ఎర్తింగుకు కలపాలి. రెండు చోట్ల కలిపితే రెండు ఎర్తుల మధ్య తేడాకు షీల్డే కరెంటు దారి అవుతుంది. దానికన్నా ముఖ్యమైనది, ఎక్కువమంది వదిలేసేది, మూడో తీగ. ఆర్‌ఎస్-485 చిప్పు తట్టుకోగలిగేది తన గ్రౌండుతో పోలిస్తే మైనస్ 7 వోల్టుల నుంచి ప్లస్ 12 వోల్టుల వరకే అని ప్రమాణం చెబుతోంది. ప్రధాన భవనంలో ఒక కంట్రోలరు, పెరటి చిల్లర్ (ఏసీకి నీటిని చల్లబరిచే యంత్రం) యార్డులో ఇంకొకటి, రెండింటికీ వేర్వేరు ఎర్తు గుంటలు ఉన్నప్పుడు ఆ హద్దు దాటడం కష్టమేమీ కాదు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలివాన ఉరుములతో వచ్చిన మర్నాడు నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ ఇలాంటి లైన్ల గురించే. రెండు తీగలు కాకుండా మూడు తీగల కేబుల్ తెప్పించి, మూడోదాన్ని అన్ని పోర్టుల రిఫరెన్సు స్క్రూలకూ కలిపితే ఆ ప్రమాదం చాలావరకు తగ్గుతుంది. భవనాల మధ్య దూరం ఉంటే రెండు వైపుల విద్యుత్తునూ విడదీసి సంకేతాన్ని మాత్రం దాటించే, ఐసొలేషన్ ఉన్న రిపీటరు పెట్టాలి. కేబుల్ కొనేటప్పుడు ఈ మాట అడగకపోతే, గవర్నర్‌పేట దుకాణాల్లోనైనా ఇంకెక్కడైనా చేతికొచ్చేది రెండు తీగలదే.

ఇంకో హెచ్చరిక. చాలా కంట్రోలర్లలో కమ్యూనికేషన్ స్క్రూల పక్కనే 24 వోల్టుల ఏసీ సప్లయి స్క్రూలు ఉంటాయి. 24 వోల్టుల ఏసీ అంటే దాని శిఖరం 34 వోల్టులు. చీకటి సీలింగులో, నోట్లో టార్చి పట్టుకుని, నిచ్చెన మీద నిలబడి బిగిస్తున్న మనిషి తీగ ఒక స్క్రూ పక్కకు పెడితే, ఆ లైను మీద ఉన్న చిప్పుల్లో ఎన్ని మిగులుతాయో చెప్పలేం. నేను ఇప్పుడు కమ్యూనికేషన్ ప్లగ్గులన్నీ బయటే వేలాడదీసి ఉంచమని, సప్లయి తీగలన్నీ కొలిచాకే ప్లగ్గులు లోపలికి నెట్టమని చెబుతున్నాను.

ఈ మాటలన్నిటికీ నాకు ఎదురయ్యే వాదన ఒకటి ఉంది. “ఇప్పుడంతా నెట్‌వర్క్ కేబుల్ మీదే కదా, ఈ పాత పద్ధతి ఎంతకాలం?” అంటారు. మాడ్‌బస్ 1979 నాటిది, బ్యాక్‌నెట్ ప్రమాణం 1995లో వచ్చింది, పాతవే, కాదనను. కానీ రాగి తీగ నెట్‌వర్క్ కేబుల్ వంద మీటర్లకు ఆగిపోతుంది, మధ్యలో స్విచ్చులు కావాలి, వాటికి సప్లయి కావాలి. ఆర్‌ఎస్-485 లైను తగిన వేగంలో 1200 మీటర్ల వరకు వెళుతుంది, ప్రమాణం ప్రకారం 32 పూర్తి భారాల పరికరాలను, తక్కువ భారం వేసే నేటి చిప్పులతో ఇంకా ఎక్కువ పరికరాలను మోస్తుంది. వీఎఫ్‌డీలు, ఎనర్జీ మీటర్లు, చిల్లర్లు ఇవాళ కొన్నా ఈ పోర్టుతోనే వస్తున్నాయి. పైన నెట్‌వర్క్ ఎంత కొత్తదైనా, కింద యంత్రం దగ్గర ఉండేది ఈ రెండు తీగలే. ఇక “వైర్‌మెన్ నెలనెలా మారిపోతారు, ఎంతమందికని చెప్పేది” అనేవారికి నా జవాబు ఒక్కటే. ఇవాళ నేను చెప్పినది ఆ కుర్రాడు రేపు ఇంకో సైట్లో వాడతాడు, అక్కడికి వెళ్ళేదీ మనలో ఒకరమే.

కోల్డ్ స్టోరేజీలో ఆ రోజు వేగాన్ని తాత్కాలికంగా 9600కు దించి చాంబర్లను తెర మీదికి తెచ్చాం. సీజను అయ్యాక బాబాయే కొత్త కేబుల్ తెచ్చి, ఒకటో చాంబరు నుంచి ఎనిమిదో చాంబరు దాకా వరుసగా లాగారు. చివరి రెసిస్టరు ఆయన చేతే బిగించాను. గోధుమ, ఎరుపు, గోధుమ, బంగారు పట్టీలున్న ఆ చిన్న ముక్కను వేళ్ళ మధ్య తిప్పి చూసి, “ఇదేనా ఇసుక ఒడ్డు” అన్నారు. ప్యానెల్ తలుపు లోపలి వైపు మార్కరుతో కొలత రాయమంటే, దాని కింద తెలుగులో ‘చివర’ అని కూడా రాశారు.

మొన్న మంగళగిరి దగ్గర ఒక కొత్త భవనం పని ఆయనకు వచ్చింది. డ్రాయింగు ఇంకా నా దగ్గరే ఉంది. ఫోన్ చేసి, “మిగతాది తర్వాత పంపు బాబూ, ముందు రెండు చివరలూ ఏ గదుల్లో వస్తయ్యో చెప్పు, పైపు అక్కడ నుంచి మొదలెడతాను” అన్నారు.